తిరగేసిన రాయి

జగన్నాధం ఇంటి నడిమిగోడను పాడుచేసింది గంగులు. ఇందులో ఇంకో మాట లేదు. ఊళ్ళో ఎవరినడిగినా అదే చెబుతారు. చెప్పక ఏం చేస్తారు, జగన్నాధమే వీధిలో నిలబడి అందరికీ వినబడేలా అన్న మాట అది. అతను పదిమందిలో నోరు తెరవడమే అరుదు. తెరిచిన ఆ ఒక్కసారీ ఉత్తమాట అన్నాడని ఎవరనుకుంటారు?

ఆ ఇల్లు జగన్నాధం తాత కట్టించింది. శ్రీముఖలింగానికి రెండూళ్ళ ఇవతల, వంశధార గట్టుకు కూతవేటు దూరంలో ఉంటుంది ఆ ఊరు. కొండరాళ్ళు బళ్ళ మీద తోలించి, మట్టి అడుసుతో పేర్చి, రెండడుగుల మందాన గోడలు లేపాడు తాత. పైన తాటిదూలాలు, బంగళాపెంకులు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఆ ఇంటిని నిలువునా రెండు చేసుకున్నారు. తూర్పు వాటా జగన్నాధానికి, పడమటి వాటా తమ్ముడు రమేష్‌బాబుకి. రెండింటికీ మధ్య ఉన్నది నడిమిగోడ. వీధిగుమ్మం దగ్గర మొదలై పెరటి వసారా చివరిదాకా పోతుంది.

ఆ వసారా చివర, నేలకు రెండడుగుల పైన, గోడలో ఒక రాయి ఉండేది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఏటేటా కొట్టిన సున్నంతో తెల్లగా ఉంటే అదొక్కటీ నల్లగా నిగనిగలాడేది. జగన్నాధం భార్య దాలమ్మ ముప్పై నాలుగేళ్ళు ఆ రాయికి తల ఆన్చి కూర్చుంది. ఆ నలుపు అదీ.

మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక ఆమె అక్కడ చేరేది. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరేది, చింతపండు గింజ తీసేది, ఏ పనీ లేకపోతే ఊరికే పెరట్లోకి చూస్తూ కూర్చునేది. తలకు ఆముదమే రాసుకునేది. గింజలు వేయించి, దంచి, కుండలో ఉడకేసి, పైకి తేలిన నూనె తానే తీసి సీసాకు పట్టేది. ఎండాకాలం మూడు గంటలయ్యేసరికి ఆ రాయి చెమర్చేది. వసారా నుంచి లోపలిదాకా సన్నగా ఆముదం వాసన. జగన్నాధం లోపల మంచం మీద ఆ వాసనలోనే కునుకు తీసేవాడు. అప్పుడు అది వాసన అని కూడా అతనికి తెలియదు. ఇంట్లో గాలి అలాగే ఉంటుందనుకునేవాడు.

దాలమ్మకు కిడ్నీలు చెడ్డాయి. ఏడాదిన్నర ఆస్పత్రుల చుట్టూ తిరిగి, మూడేళ్ళ కిందట మాఘమాసంలో పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదన్నాడు పంతులు. ధనిష్ఠలో పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. తలుపులకు తాళం వేసి, గుమ్మానికి ముళ్ళకంప అడ్డం పెట్టి, మనుషులు బయటికి పోవాలి. జగన్నాధం కళ్ళంలో పాక వేసుకుని ఆరు నెలలూ అక్కడే పడుకున్నాడు. మధ్యాహ్నాలు మాత్రం పెరటివైపు వచ్చి కంచె బయట నిలబడేవాడు. ఎవరైనా చూస్తే గేదె తప్పిపోయిందని చెప్పేవాడు. అతనికి గేదె లేదని ఊరందరికీ తెలుసు.

ఆ ఆరు నెలల్లోనే రమేష్‌బాబు తన వాటా కూలదోశాడు.

"ఎలాగూ ఇల్లు పాడెట్టినాం గదా అన్నయ్యా. అడిగీవోడు లేడు, అడ్డొచ్చీవోడు లేడు. ఇదే అదననీసి మొదలెట్టీసినాను" అన్నాడు.

తమ్ముడి స్లాబు ఇల్లు లేచింది. దానికీ నడిమిగోడకూ మధ్య రెండడుగుల సందు. అరవై ఏళ్ళుగా ఇంటి లోపల ఉన్న గోడ పడమటి ముఖం మొదటిసారి వాన చూసింది. స్లాబు మీది నీళ్ళన్నీ ఆ సందులోకే దిగేవి. మట్టి అడుసు నీటికి ఎన్నాళ్ళు ఆగుతుంది? రెండో వానాకాలానికి వసారా దగ్గర గోడ పొట్ట పెట్టింది. నల్లరాయి సరిగ్గా ఆ పొట్ట మీదే ఉంది.

"బావగారూ, ఆ గోడ సూత్తే నాకు గుండి దడదడలాడిపోతాది" అంది రమేష్‌బాబు భార్య తాయారు, సందు అవతలి నుంచి. "కొట్టించీండి. మాలాగ సలాబు ఏసీసుకుంటే ఏ బెంగా ఉండదు."

"మీ సలాబు నీళ్ళే గదా నా గోడ తాగింది."

"నీళ్ళు మావే, గోడ మీది. గట్టి గోడయితే తాగుతాదేటి?"

జగన్నాధం లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. తాయారుతో మాటకు మాట నెగ్గినవాడు ఆ వీధిలో లేడు.

ఇల్లు బాగుచేయించాలని ఆ రోజే అనుకున్నాడు. అందరూ ఇల్లు బాగుచేయించేది సుఖంగా ఉండడానికి. జగన్నాధానికి కావలసింది ఒకటే. ఆ రాయి ఉన్నచోట ఉండాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అరవై దాటిన మగవాడు పెళ్ళాం తలనూనె మరక కోసం గోడ నిలబెట్టుకుంటున్నాడంటే ఊరు పొట్ట పట్టుకుని నవ్వుతుంది. ఆమె ఉన్నప్పుడు ఒక మూర పూలు తెచ్చిన మనిషి కాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి నోరెక్కడిది?

తాపీపనికి గంగులును పిలిచాడు. గంగులుది దాలమ్మ కన్నవారి ఊరు. ఆ ఊరి వరసన ఆమెను అప్పా అని పిలిచేవాడు, అక్క అన్నట్టు. ఆ లెక్కన జగన్నాధం అతనికి బావ. కుర్రతనం నుంచీ ఏటేటా ఆ ఇంటికి సున్నం కొట్టడానికి వచ్చి, అప్ప చేతి అన్నం తిని పోయేవాడు. ఇప్పుడు చుట్టుపక్కల పది ఊళ్ళలో అతని చేతికింద పని నేర్చుకోని మేస్త్రీ లేడు.

గంగులు గోడ దగ్గర కూర్చుని వేళ్ళ గెనుపులతో కొట్టి చూశాడు. చెవి ఆన్చి విన్నాడు.

"ఇది నిలబడదు బావా. ఇప్పాల."

"ఊతం కర్రలెట్టు."

"ఊతాలెట్టడానికి ఇదేటి అరిటిసెట్టా? లోపల మట్టి కరిగిపోనాది. సెయ్యెట్టి సూడు, సంచిలో ఇసక లాగుంటాది."

జగన్నాధం చెయ్యి పెట్టి చూడలేదు. "ఇప్పితే మళ్ళా అలాగే కట్టాల."

"అలాగంటే?"

"ఎక్కడి రాయి అక్కడే."

గంగులు నవ్వాడు. "రాయి రాయే బావా. కూకున్నకాడే కూకుంటాననడానికి అదేటి మనిసా?"

"ఎక్కడి రాయి అక్కడే. కడతావా, ఇంకోణ్ణి సూసుకోమంటావా?"

"కడతాను. అయిదు రోజుల పని పది రోజులవుతాది. తరవాత నన్ననొద్దు."

పని మొదలైంది. ముందు వసారా మీద పెంకులు దింపారు. సగానికి సగం దింపుతుండగానే పగిలాయి. తర్వాత దూలాలు. ఏడింటిలో రెండు పైకి గట్టిగా కనబడుతూ లోపల చెదలు తిన్న గొట్టాలు. ఒకటి దింపేటప్పుడు కూలీ భుజం మీదే రెండై, దోసెడు మట్టి అతని నెత్తిన పోసింది. మిగిలిన అయిదూ మాత్రం ఇనుము. గంగులు గొడ్డలి మడమతో కొడితే కంగుమన్నాయి. "మీ తాత మగోడు బావా" అన్నాడు. జగన్నాధం ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

సున్నం దగ్గర గొడవొచ్చింది. గంగులు సిమెంటన్నాడు. జగన్నాధం సున్నమే అన్నాడు. సున్నపు బట్టీలు ఎప్పుడో పోయాయి. ఎవరో చెబితే కళింగపట్నం వైపు వెళ్ళి, సముద్రపు గుల్లలు కాల్చి తాంబూలపు సున్నం అమ్ముకునే అసిరమ్మ అనే ముసలామెను పట్టుకున్నాడు. "గోడకేటి బాబూ, గోడకి నా సున్నవేటి, పెళ్ళికి అడిగీవోలే లేరు" అని ఆమె నోరు తెరిచింది. అయినా వారం రోజులు కాల్చి నాలుగు బస్తాలిచ్చింది. పెరట్లో గొయ్యి తీసి, సున్నం పోసి, నీళ్ళు విడిచారు. గొయ్యి బుసకొట్టింది. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం పోశారు. పది రోజులు నానాలి. ఈ రోజుల్లో ఈ చాదస్తమేమిటని సణిగిన గంగులు, మూడో రోజుకి పిలవకుండానే వచ్చి గొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"మా అయ్య కలిపీవోడు ఇలాగ" అని పార తీసుకుని తానే తిప్పడం మొదలుపెట్టాడు. ఆగలేదు. చెమట కారుతున్నా ఆగలేదు.

సున్నం నానుతుండగా వసారా మేర గోడ విప్పారు. విప్పే ముందు గంగులు జాజు నీళ్ళలో కుంచె ముంచి ఒక్కొక్క రాయి మీదా ఎర్రగా అంకె వేశాడు. మొదటి వరస ఒకటి నుంచి, రెండో వరస మళ్ళీ ఒకటి నుంచి. నాలుగో వరసలో చివర్నుంచి రెండో రాయి దగ్గర కుంచె ఆగింది. జాజు నీళ్ళు ఆ నలుపు మీద నిలవలేదు. తామరాకు మీద నీళ్ళలా జారిపోయాయి. మళ్ళీ పూశాడు. మళ్ళీ జారింది.

"దీని మీద గుర్తు నిలవదు బావా. ఉలితో ఒక గాటెట్టీనా?"

"ముట్టుకోకు."

ఆ మాట అనవలసినదానికంటే గట్టిగా వచ్చింది. గంగులు అతని ముఖం చూశాడు. రాయిని చూశాడు. కుంచె కింద పెట్టి, సరేనన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే జగన్నాధం చెప్పేవాడు కాదు. అయినా అడగలేదన్నది తర్వాత గంగులు నేరాల్లో ఒకటిగా లెక్కకొచ్చింది.

ఆ రాయిని జగన్నాధం తన చేత్తోనే తీశాడు. గోనెసంచిలో చుట్టి లోపలికి మోసుకెళ్ళి మంచం కింద పెట్టుకున్నాడు. గుండెలకానించుకుని మోస్తుంటే తాయారు సందులోంచి చూసింది. "బంగారవేటి బావగారూ, అంత దాసుకుంటన్నారు?" అంది.

ఆ రాళ్ళు పేర్చడానికి ముందు, సున్నం నానుతున్న రోజుల్లో, మధ్యాహ్నం పూట కూలీలు అన్నానికి పోయాక అతను మంచం మీద వాలేవాడు. చెయ్యి కిందికి జారవిడిస్తే వేళ్ళకు గోనె తగిలేది. గోనె కింద నున్నగా రాయి. మూడు గంటలకు వాసన పైకి లేచేది. మూడేళ్ళలో అతను నిద్రపోయిన మధ్యాహ్నాలు అవే. నిద్రలో చేట చప్పుడు వినబడేది. లేచి చూస్తే పెరట్లో విప్పేసిన గోడ, రాళ్ళ వరసలు, ఎర్ర అంకెలు. మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. చప్పుడు రాదు. ఒకసారి పోయిన చేట చప్పుడు అడిగితే వస్తుందా?

పదకొండో రోజు గోడ లేపడం మొదలుపెట్టారు. రెండు వరసలయ్యేసరికి విజయనగరం నుంచి కబురొచ్చింది. కోట దగ్గర ఎవరిదో పాత లోగిలి విప్పుతున్నారు, బంగళాపెంకులున్నాయి, వెంటనే వస్తేనే దొరుకుతాయని.

"నాను ఎల్లొస్తాను" అన్నాడు జగన్నాధం. "మూడో వరస అయినాక ఆపు. నాలుగో వరస నానొచ్చినాక."

"నాలుగో వరసలో మంచం కింది రాయి గదా, చివర్నుంచి రెండోది. నాకు తెలీదేటి బావా? ఎల్లిరా."

ఆమదాలవలసలో పొద్దుటి రైలెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చేద్దామనుకున్నాడు. అక్కడ లోగిలి యజమాని పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా గంటకో మాట మార్చాడు. పెంకులు ఏరి, పగుళ్ళు చూసి, వ్యాను మాట్లాడి, ఎక్కించేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రాత్రి ఆ లోగిలి అరుగు మీదే పడుకున్నాడు. ఫోన్లో చార్జింగు ఎప్పుడైపోయిందో చూసుకోలేదు.

వ్యాను వీధిలో ఆగగానే పెంకుల సంగతి డ్రైవరుకొదిలేసి పెరట్లోకి వెళ్ళాడు. గోడ తలెత్తు లేచి ఉంది. గుండుదారం పట్టి చూసినా వెంట్రుకవాసి తేడా లేదు. రాళ్ళ మధ్య సందులు కత్తితో గీసినట్టున్నాయి. తాత కట్టినదానికంటే తిన్నగా ఉంది. జగన్నాధం కళ్ళు వరసలు లెక్కపెట్టాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చివర్నుంచి రెండోది.

అక్కడ ఉన్నది బూడిదరంగు రాయి. గరుకుగా, ఇప్పుడే కొండ నుంచి తెచ్చినట్టుంది.

లోపలికి పరుగెత్తాడు. మంచం కింద గోనెసంచి ఖాళీగా పడి ఉంది.

"నల్లరాయేదిరా?"

గంగులు చేతులు కడుక్కుంటున్నాడు. "అక్కడే ఉన్నాది బావా. నిన్న మబ్బేసీసినాది. సగంలో ఆపీసిన గోడలోకి వాన దిగితే సున్నం కారిపోద్దనీసి ఎక్కించీసినాను. నీకు ఫోను సేస్తే కలవనేదు. నీ రాయి నీ సోటనే ఉన్నాది."

"నలుపేదీ?"

"తిరగేసినాను." ఆ మాట నవ్వుతూ అన్నాడు గంగులు. ఏదో బాకీ తీర్చుకున్నవాడి నవ్వు. "ఆ ముకం లోపలికెట్టి, ఎనకముకం పైకెట్టినాను. ఇంక సున్నం కొట్టు, గోడంతా ఒకటే తెలుపు."

ఆ తర్వాత జరిగింది ఊరు చూసింది. జగన్నాధం గంగులు తాపీని తీసి వీధిలోకి విసిరాడు. అది రోడ్డు మీద గణగణమని దొర్లింది. వెనకే అతనూ వీధిలోకొచ్చాడు.

"గోడ పాడుసేసినాడు! పని సేతగాని నాకొడుకు, నా గోడ పాడుసేసినాడు! వీడికి తాపీ ఎవడిచ్చినాడు?"

అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. తాయారు గుమ్మంలోకొచ్చింది. కూలీలిద్దరూ గోడకంటుకుపోయారు. తాపీమేస్త్రీని పదిమందిలో పని చేతకాదనడం కంటే చెప్పు తీసుకుని కొట్టడం నయం.

"బావా, ఒక్కమాట..."

"నీ మాటొద్దు. నీ మొకం నాకు సూపించొద్దు."

గంగులు పెదవి కదిలింది. తాయారును చూశాడు. అరుగుల మీద జనాన్ని చూశాడు. నోరు మూసుకున్నాడు. వంగి తాపీ తీసుకుని, పంచెకు తుడుచుకుని, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. పనిముట్ల సంచి వసారాలోనే ఉండిపోయింది.

ఎనిమిది రోజులు పని లేదు. వసారా మీద టార్పాలిను కట్టుకున్నాడు. మేస్త్రీల కోసం నాలుగూళ్ళు తిరిగాడు. "గంగులుకే పని రాదన్న ఇంటికి మేమేటొస్తాం మావా, మాకేటొస్తాది?" అన్నారు. ఎగతాళికన్నారో నిజంగానే అన్నారో తెలియలేదు. తెచ్చిన పెంకులు వీధి గోడవార ఆరు వరసలుగా పేర్చి ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళు వాటిని చూసి, అతన్ని చూసి పోయేవారు.

మధ్యాహ్నం ఆ రాయి ముందు కూర్చునేవాడు. ఎవరూ లేరని చూసుకుని ఒకసారి వీపు ఆన్చి, తల వెనక్కి వాల్చాడు. గరుకు తగిలింది. పచ్చి సున్నం వాసన. కొన్ని అంగుళాల లోపల, చీకట్లో, ఆ నున్నటి నలుపు ఉంది. అతని తలకూ దానికీ మధ్య జానెడు రాయి. ముప్పై నాలుగేళ్ళూ ఆమె అక్కడ కూర్చుంటే అతను ఒక్కనాడు పక్కన కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంటే ముఖం అటు తిరిగి ఉంది.

అయిదో రోజు గునపం తెచ్చాడు. మొన రాళ్ళ సందులో పెట్టాడు. సున్నం ఇంకా మెత్తగానే ఉంది, దిగింది. ఇంకొంచెం ఒత్తితే రాయి కదులుతుంది. దాంతోపాటు పైనున్న నాలుగు వరసలూ వచ్చి మీద పడతాయి. పడితే పడనీ అనుకున్నాడు కాసేపు. తర్వాత గునపం బయటికి లాగి, వేలితో ఆ కంత పూడ్చాడు.

తొమ్మిదో రోజు పొద్దున్న గంగులు వచ్చాడు. పెరటి దారిన వచ్చాడు.

"సంచి కోసం ఒచ్చినాను."

"అక్కడున్నాది."

గంగులు సంచి భుజానికి తగిలించుకున్నాడు. పోలేదు. సందువైపు తొంగిచూశాడు. తాయారు ఇంటి తలుపు మూసి ఉంది.

"ఆ రోజు పదిమందిలో సెప్పనేకపోనాను బావా. సెప్తే నీకే తలొంపులు. ఇప్పుడు సెప్పీసి ఎలిపోతాను. ఆ రాయి తిరగెయ్యమన్నాది అప్పే."

జగన్నాధం చేతిలోని చుట్ట కింద పెట్టాడు.

"ఆస్పత్రికి తిరగతన్న రోజులవి. సున్నం కొట్టడానికి ఒచ్చినాను. నాను కొడతన్నాను, అప్ప ఆ రాయిని బూడిదెట్టి తోమతన్నాది. ఏటప్పా, ఒంట్లో బాగునేదు గదా, నీకెందుకన్నాను. 'మీ బావ అన్నానికి కూకున్నప్పుడల్లా దీనేపు సూసి తిడతన్నాడు తమ్ముడూ' అన్నాది. 'జిడ్డుమొకందానా, ఇల్లంతా జిడ్డు సేసినావు అంటన్నాడు. కుంకుడుకాయెట్టి తోమినాను, పోదు. సున్నం కొడితే నెల్లాళ్ళకి మళ్ళా తేలిపోతాది. నాను పోయినా ఇది పోదు. నువ్వెప్పుడైనా ఈ గోడ ఇప్పితే దీన్ని తిరగేసెట్టీ తమ్ముడూ. ఆ తిట్టు తప్పుతాది నాకు' అన్నాది. అలాగే అప్పా అన్నాను. సెయ్యిలో సెయ్యేసినాను."

గంగులు ముక్కు చీదుకున్నాడు. "మొన్న నువ్వు ముట్టుకోకన్నప్పుడు, నీకూ సెప్పిందేమో, దాని సంగతి నువ్వే సూసుకుంటన్నావేమో అనుకున్నాను. నువ్వు నోరిప్పి ఒక్కమాట సెప్తే, నాను అడుగుదును గదా బావా."

జగన్నాధానికి గుర్తుంది. అనలేదని అనుకోవడానికి దారి లేదు. ఒకసారి అన్న మాట కాదది. ఏళ్ళ తరబడి అన్నాడు. అందులో కోపం కూడా లేదు. పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ అనేసిన మాట. అని మరిచిపోయేవాడు. ఆమె వడ్డిస్తూ నవ్వేది కూడానేమో. చూడలేదు. ఆఖరి ఏడాది దాలమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని ఆ గోడకు ఆనుకునేది. తలనొప్పి కాబోలనుకున్నాడు. అడగలేదు.

"ఇప్పమంటే ఇప్పుతాను" అన్నాడు గంగులు. "సున్నం ఇంకా పచ్చిదే. ఒక్కపూట పని. ఇంకో వారం పోతే బిగిసిపోతాది, తరవాత నా వల్ల గాదు. నీ ఇష్టం. అప్పకి నాను సెప్పుకుంటాను."

జగన్నాధం గోడవైపు చూశాడు. ఒక్కపూట. మధ్యాహ్నానికి నలుపు బయటికొస్తుంది. ఎండ ముదిరితే చెమరుస్తుంది. మంచం మీద పడుకుంటే వాసనొస్తుంది. చేట చప్పుడు కూడా రావచ్చు. ఇన్నాళ్ళూ అతను బతికింది ఆ ఒక్కదాని కోసం. చెయ్యి చాపి ఆ గరుకు మీద వేశాడు. చాలాసేపు తియ్యలేదు. ఆమె అతన్ని చీర అడగలేదు, నగ అడగలేదు, పుట్టింటికి పంపమని కూడా రెండుసార్లకు మించి అడగలేదు. అడిగిన ఈ ఒక్కటీ అతన్ని కాదు, ఇంకొకణ్ణి అడిగింది.

"ఉండనీ" అన్నాడు.

"ఏటి బావా?"

"అడిగింది గదా. ఉండనీ."

గంగులు తలూపాడు. సంచి భుజం మీంచి దింపాడు.

"దూలాలు ఎప్పుడెక్కిద్దాం?" అన్నాడు గంగులు.

"రేపు."

తప్పయిందని జగన్నాధం అనలేదు. అతనికి రాదు. ఆ మధ్యాహ్నం గంగులుకి అన్నం పెట్టాడు. చారులో ఉప్పు ఎక్కువైంది. గంగులు వంక పెట్టకుండా తిన్నాడు.

దూలాలెక్కాయి. చెదలు తిన్న రెండింటి బదులు కొత్త తాటిదూలాలు వేశారు. విజయనగరం పెంకులు పైకెక్కాయి. పడమటి ముఖానికి వాన తగలకుండా గంగులు పెంకులు ఒక మూర బయటికి సాగదీశాడు. స్లాబు నీళ్ళకు సందులో కాలువ తీశాడు. రమేష్‌బాబు కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు, అన్న ముఖం చూడకుండా. చివర్న గోడంతా సున్నం కొట్టారు. నెల తిరిగింది. రెండు నెలలు తిరిగాయి. ఏ రాయీ నల్లబడలేదు. ఏ రాయి ఏదో తెలియకుండా గోడంతా ఒకటే తెలుపు. మూడు గంటలకు వసారాలో వేప గాలి వస్తుంది, అంతే. జగన్నాధం మంచం వీధి గదిలోకి మార్చుకున్నాడు.

కానీ ఊరికి మొదటి మాటే మిగిలింది. టీ కొట్టు దగ్గర గంగులును ఇప్పటికీ ఆటపట్టిస్తారు. "ఏరా, జగన్నాధం గోడ పాడుసేసినావట?" అని. గంగులు గ్లాసు దించి, "అవునురా, సేసినాను" అంటాడు. జగన్నాధం అటుగా పోతూ వింటాడు. ఆగడు. మొదటి మాట వెనక్కి తీసుకోవాలంటే రెండో మాట చెప్పాలి. ఆ రెండో మాట అతను చెప్పడు.

తాయారుకు మాత్రం కడుపుబ్బరం ఆగలేదు. ఒకనాడు నీళ్ళబిందె చంకనెట్టుకుని అతని అరుగు దగ్గర నిలబడిపోయింది.

"బావగారూ, ఒక్కమాట అడుగుతాను, తిట్టకండి. గంగులు గోడ పాడుసేసినాడని ఊరు ఎగిరిపోయీలా అరిసినారు. మళ్ళా ఆడిసేతే కట్టించినారు. ఆడూ పాడుసేసినాననే అంటన్నాడు. గోడ సూత్తే బొమ్మలాగున్నాది. పాడయినాదా, బాగయినాదా? ఏటయినాది ఆ గోడకి?"

జగన్నాధం చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఆ గోడ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు" అన్నాడు. "నువ్వే గాదు. నా తమ్ముడు, నీ పిల్లలు, ఈ ఊళ్ళో ఎవరూ ఎత్తొద్దు. నాను సచ్చీదాకా సెప్పను."

లేచి లోపలికి పోయాడు.